బార్టోక్ ‘బ్లూబియర్డ్ కోట’, ‘కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’: మీరు మళ్లీ మళ్లీ వినే రికార్డింగులు ఏవి?

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. హంగేరీ సంగీతకర్త బేలా బార్టోక్ రచనలను నాలుగేళ్లుగా వింటున్నాను. చిన్నతనంలో పదేళ్లపాటు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నందువల్ల మొదట ఆయన తీగవాద్య రచనలే నన్ను పట్టుకున్నాయి. అక్కణ్ణుంచి ఆర్కెస్ట్రా రచనలకూ, చివరికి ఆయన రాసిన ఒకే ఒక్క ఆపెరా ‘బ్లూబియర్డ్ కోట’కూ వచ్చాను. పాడేవాళ్లు ఇద్దరే, కోట యజమాని బ్లూబియర్డ్, అతని కొత్త భార్య యుదిత్. ఆమె ఒక్కొక్కటిగా తెరిపించే మూసిన తలుపులు ఏడు, నిడివి దాదాపు గంట. ఇంత కొద్ది సామగ్రితో అంత బరువైన నాటకం నడవడం నేను మరెక్కడా వినలేదు.

ఈ ఆపెరాకు నా దగ్గర రెండు రికార్డింగులు ఉన్నాయి. ఒకటి కండక్టరు పియెర్ బూలెజ్ 1993లో చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసినది, అందులో జెస్సీ నార్మన్, లాస్లో పోల్గార్ పాడారు. రెండోది ఇష్త్వాన్ కెర్తేస్ 1965లో లండన్ సింఫనీతో చేసినది, అందులో క్రిస్టా లుడ్విగ్, వాల్టర్ బెరీ ఉన్నారు. బూలెజ్ వింటున్నప్పుడు ప్రతి వాద్యం గాజు వెనక పెట్టినంత స్పష్టంగా కనిపిస్తుంది. కెర్తేస్ వింటున్నప్పుడు ఆ గాజు లేదు, కోట గోడల చెమ్మ చేతికి తగులుతున్నట్టుంటుంది. రెండూ ఇష్టమే. అయితే రెండింటిలోనూ మాటలు నాకు అర్థం కావు కాబట్టి అనువాదం చేతిలో పెట్టుకుని వింటాను, అలా వింటున్నప్పుడు ఏదో ముఖ్యమైనది చేజారిపోతోందన్న అనుమానం ఎప్పుడూ వెన్నాడుతుంది.

‘కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’కు మాత్రం ఫ్రిట్జ్ రైనర్ 1955లో చికాగోలో చేసిన రికార్డింగు ఒక్కటే ఉంది. రైనర్ బుడాపెస్ట్ సంగీత అకాడమీలో బార్టోక్ దగ్గర పియానో నేర్చుకున్నవారని చదివాను. అంతల్ దొరాతి, ఫెరెంత్స్ ఫ్రిచాయ్, జార్జ్ షోల్టి కూడా ఆ అకాడమీలోనే ఆయన నీడలో చదువుకున్నవారు. మన సంగీతంలో గురువు నోట విన్న పాఠాంతరానికి ఎంత విలువ ఉందో మీకు తెలుసు. ఒకే కృతికి రెండు పాఠాంతరాలు ఉంటే ఏ శిష్యపరంపర నుంచి వచ్చిందని ముందు అడుగుతాం. బార్టోక్ విషయంలోనూ అలాంటి పాఠాంతరం ఒకటి రికార్డుల్లో నిలిచి ఉందా, లేక ఇది నా సంగీత నేపథ్యం వల్ల పుట్టిన ఆశ మాత్రమేనా? తెలిసినవారు తమ అభిమాన రికార్డింగులను పోల్చి చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

దనూబ్ తీరం (బుడాపెస్ట్)

గోదావరి శ్రోత గారూ, మీ అనుమానం సరైనదే. చేజారుతున్నది మాట అర్థం కంటే ఎక్కువగా మాట నడక. నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది, హంగేరియన్ నేర్చుకుని ఆరేళ్లయింది. భాష రాకముందు విన్న ‘బ్లూబియర్డ్ కోట’, భాష వచ్చాక విన్నది నా చెవికి రెండు వేర్వేరు రచనలు.

తెలుగువారికి ఈ సంగతి వివరించడం సులభం. హంగేరియన్‌లో ప్రతి మాటలోనూ ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది. దానికి తోడు మన భాషలో లాగానే హ్రస్వం, దీర్ఘం తేడా అర్థాన్ని మార్చేస్తుంది, ద్విత్వాక్షరాలు కూడా మన ద్విత్వాల్లాగే నొక్కి పలుకుతారు. కవి బేలా బలాజ్ ఈ నాటకాన్ని హంగేరియన్ జానపద గాథల పద్ధతిలో పాదానికి ఎనిమిది అక్షరాల చొప్పున రాశారు. అనుష్టుప్ శ్లోకం చదివిన చెవికి ఎనిమిది అక్షరాల పాదం కొత్తది కాదు. ఆరో తలుపు తెరిచినప్పుడు యుదిత్ ఎదుట ఒక తెల్లని నిశ్చల సరస్సు కనిపిస్తుంది, అది ఏమిటని అడిగితే బ్లూబియర్డ్ చెప్పే జవాబు ఇది: ‘క్యొన్న్యెక్, యుదిత్, క్యొన్న్యెక్, క్యొన్న్యెక్’. కన్నీళ్లు, యుదిత్, కన్నీళ్లు, కన్నీళ్లు అని అర్థం. ‘క్యొన్న్యెక్’ అన్న మాటలో ద్విత్వం ముందున్న అక్షరం మన ఛందస్సు ప్రకారం గురువు, ఆ తర్వాతిది చివర హల్లు ఉన్నా తేలిపోతూ పలికేది. మూడుసార్లు ఆ బరువు పడి మూడుసార్లు తేలిపోవాలి. పాడేవారు మూడింటినీ సమానంగా సాగదీస్తే స్వరం ఎంత అందంగా ఉన్నా కన్నీరు రాలదు.

ఈ కారణం చేత నేను ముందుగా చెప్పేది దొరాతి 1962లో లండన్ సింఫనీతో చేసిన రికార్డింగు. అందులో మిహాయ్ సేకెయ్, ఓల్గా సోన్యి పాడారు. ఈ ఆపెరా 1911లో రాసినది, పోటీలకు పంపితే తిరస్కరించారు, ఏడేళ్లు ఆగి 1918 మే 24న బుడాపెస్ట్ ఆపెరాలో తొలిసారి వేదిక ఎక్కింది. 1919 తర్వాత బలాజ్ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయన పేరు తీసేసి ప్రదర్శించడానికి బార్టోక్ ఒప్పుకోలేదు, అందువల్ల బుడాపెస్ట్‌లో ఏళ్ల తరబడి మళ్లీ ఆడలేదు. చివరికి 1936లో బుడాపెస్ట్‌లో తిరిగి ప్రదర్శించినప్పుడు బ్లూబియర్డ్ పాత్ర పాడినవారు ఈ సేకెయ్. దొరాతి రికార్డింగు నాటికి ఆయనకు అరవై దాటింది, మరుసటి ఏడాదే మరణించారు. గొంతులో వయసు వినిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం ఆయన చేయలేదు. అయితే పాట ఎక్కడ ఆగి మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని ఆ పలుకుబడి ఆ తర్వాత ఎవరి దగ్గరా అంత సహజంగా నేను వినలేదు. మీరు అడిగిన పాఠాంతరం అన్న మాటకు ఈ రికార్డింగు అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. సేకెయ్ గొంతు ఇంకా నిండుగా ఉన్నప్పుడు వినాలంటే యానోష్ ఫెరెంచిక్ కండక్టరుగా క్లారా పాలాంకాయ్‌తో కలిసి పాడిన 1950ల నాటి మోనో రికార్డింగు హంగరోటన్ సంస్థ దగ్గర ఉంది. ఆర్కెస్ట్రా ధ్వని పలచగా ఉంటుంది కాబట్టి అది రెండో మెట్టుగా వినవలసినది.

భాష ఎంత పని చేస్తుందో తెలుసుకోవడానికి ఇంకొక దారి కూడా ఉంది. డీట్రిచ్ ఫిషర్-డీస్కౌ ఈ పాత్రను రెండుసార్లు రికార్డు చేశారు. 1958లో ఫ్రిచాయ్ కండక్టరుగా బెర్లిన్‌లో జర్మన్ అనువాదంలో పాడారు, అందులో యుదిత్ పాత్ర హెర్తా ట్యోపర్‌ది. 1979లో సవాలిష్ కండక్టరుగా మ్యూనిక్‌లో హంగేరియన్‌లోనే పాడారు, యుదిత్‌గా ఆయన భార్య యూలియా వారాది పాడారు. ఫ్రిచాయ్ నడిపిన ఆర్కెస్ట్రాలో ఉన్న చీకటి, ఉద్రిక్తత సవాలిష్‌లో లేవని నిస్సంకోచంగా చెబుతాను. కానీ జర్మన్ మాటలు ఆ స్వరాల మీద కూర్చున్నప్పుడు వాక్యం ముందుకు తోసుకుపోతుంది. హంగేరియన్‌లో అదే స్వరపంక్తి మొదటి అక్షరం మీద బరువు దించి, వెనక్కి ఒరిగి, మళ్లీ మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వింటే, బార్టోక్ జానపదుల పాటలు సేకరిస్తూ ఊళ్లలో తిరిగి నేర్చుకున్నది ఏమిటో ఏ వ్యాసమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

ఇంకొక మాట. మీ కెర్తేస్ రికార్డింగులో ఆరంభంలోని వచన ప్రస్తావన లేదు. దొరాతిలోనూ లేదు. మన నాటకాల్లో సూత్రధారుడు వచ్చినట్టు ఇందులో ఒక గాథకుడు వచ్చి, రంగస్థలం ఎక్కడ ఉంది, బయటా లోపలా అని ప్రేక్షకులను అడుగుతాడు. అతని మాటలు పూర్తికాకముందే కింది స్థాయిలో తీగవాద్యాలు మెల్లగా మొదలవుతాయి. బూలెజ్ చికాగో రికార్డింగులో అది ఉంది. ప్రస్తావన లేకుండా ఈ ఆపెరా వినడం నాకు తలుపు తట్టకుండా ఒకరి ఇంట్లోకి వెళ్లినట్టుగా ఉంటుంది.

మంద్రస్థాయి (హైదరాబాద్)

నేను ఆపెరా జోలికి వెళ్లను, ఆ విషయంలో దనూబ్ తీరం గారి మాటకు చేర్చగలిగింది నా దగ్గర లేదు. ‘కాన్సర్టో’ గురించి, పాఠాంతరం గురించి మాత్రం కొంత చెప్పగలను.

మొదట ఒక సంఘటన చెబుతాను. ఈ రచన రెండో భాగంలో వాద్యాలు జంటజంటలుగా వస్తాయి. జంటలోని రెండు వాద్యాల స్వరాల మధ్య దూరాన్ని అంతరం అంటే, ఆరో అంతరంలో బసూన్లు, మూడో అంతరంలో ఓబోలు, ఏడో అంతరంలో క్లారినెట్లు, అయిదో అంతరంలో ఫ్లూట్లు, పక్కపక్క స్వరాల్లో నోరు మూసిన ట్రంపెట్లు. అచ్చయిన స్కోరులో, అంటే స్వరలిపి పుస్తకంలో, దీని కాలప్రమాణం నిమిషానికి 74 లయదెబ్బలు అని ఉండేది. 1980లో చికాగోలో రికార్డింగుకు సిద్ధమవుతున్నప్పుడు ఈ భాగాన్ని మొదలుపెట్టే సైడ్ డ్రమ్ వాద్యకారుడు తన కాగితంలో 94 అని ఉందని షోల్టికి చెప్పారు. షోల్టి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న బార్టోక్ చేతిరాత ప్రతిని సంప్రదించారు. అందులోనూ 94 అనే ఉంది. అంటే దశాబ్దాల పాటు ఎందరో కండక్టర్లు అచ్చుతప్పును ఆయన ఉద్దేశమని నమ్మి వాయించారు. స్వయంగా బార్టోక్ ఉన్న అకాడమీలో చదివి, 1938లో బుడాపెస్ట్‌లో ఆయన తన రెండు పియానోల సొనాటా వాయిస్తున్న వేదిక మీద పేజీలు తిప్పిన షోల్టి కూడా ఈ విషయం తెలుసుకోవడానికి కాగితాన్నే ఆశ్రయించవలసి వచ్చింది. గురువు దగ్గర ఉన్నంత మాత్రాన ప్రతి రచన పాఠం చేతికి అందదు. పైగా ఈ రచన పుట్టినది 1943లో, అమెరికాలో. ఆ శిష్యులు అప్పటికి అకాడమీ విడిచి చాలా ఏళ్లయింది.

అయితే మీ దగ్గరున్న రైనర్ రికార్డింగు విని చూడండి. షోల్టికి పాతికేళ్ల ముందే రైనర్ నడక 74 కంటే స్పష్టంగా చురుకైనది, ఆ జంటలు ఈడ్చుకుంటూ కాక నవ్వుకుంటూ వస్తాయి. అచ్చులో ఉన్న అంకెను ఆయన చెవి ఒప్పుకోలేదని నేను భావిస్తున్నాను. ఈ రచన పుట్టడానికి కారకుల్లో ఆయన కూడా ఒకరు. న్యూయార్క్‌లో అనారోగ్యంతో, డబ్బు ఇబ్బందితో ఉన్న బార్టోక్‌కు పని అప్పగించమని ఆయన, వయొలిన్ విద్వాంసులు జోసెఫ్ సిగెతి కలిసి బోస్టన్ సింఫనీ కండక్టరు సెర్గే కుసెవిట్స్కీని కోరారు. 1943 ఆగస్టు 15 నుంచి అక్టోబరు 8 వరకు, ఎనిమిది వారాల లోపే బార్టోక్ ఈ అయిదు భాగాల రచనను పూర్తి చేశారు. 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో తొలిసారి వినిపించారు. అదే నెల 30న కుసెవిట్స్కీ రేడియోలో వాయించిన ప్రసారం దొరుకుతుంది. ధ్వని నాణ్యత తక్కువే, కానీ అందులో బార్టోక్ మొదట రాసిన ముగింపు ఉంది. అది చటుక్కున తెగిపోతుంది. మరుసటి ఏడాది ఆయన రాసిన పొడవైన ముగింపే ఇప్పుడు అందరూ వాయిస్తున్నారు. పాఠాంతరం అన్న మాటకు ఇంతకంటే అక్షరార్థమైన ఉదాహరణ నాకు తోచదు. ఒకే రచయిత, రెండు ముగింపులు, రెండూ అచ్చులో ఉన్నాయి.

రైనర్ మీద నా ఇష్టం ఏకపక్షమైనది కాబట్టి ఒక లోపం కూడా చెప్పాలి. మూడో భాగం, అంటే విలాపం, ఆయన చేతిలో కొంచెం నిబ్బరంగా, దుఃఖాన్ని బయట పెట్టని పెద్దమనిషిలా ఉంటుంది. ఫ్రిచాయ్ 1957లో బెర్లిన్‌లో చేసిన మోనో రికార్డింగులో ఆ భాగం గుండె పగిలినట్టుగా వినిపిస్తుంది. మీకు రెండో రికార్డింగు ఒకటే కొనే వీలుంటే ఫ్రిచాయ్‌ని ఎంచుకోమంటాను, షోల్టిని కాదు. షోల్టి 94 సరిగ్గా పట్టుకున్నారు, కానీ చివరి భాగంలో ఇత్తడి వాద్యాల ధాటికి నాకు చెవులు అలసిపోతాయి.

ఇవాన్ ఫిషర్ బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రాతో 1990లలో చేసినది కూడా మరచిపోకండి. అందులోని చెక్క వాద్యాలవారు జానపద బాణీని పుస్తకంలో చూసి కాక ఊరిలో విని నేర్చుకున్నట్టు వాయిస్తారు.

రాత్రి రేడియో (డల్లాస్)

కెర్తేస్ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. దనూబ్ తీరం గారు చెప్పిన మాట నడక వాదన నాకు నచ్చింది, కానీ ఈ ఆపెరాలో మూడో పాత్ర ఆర్కెస్ట్రా. కోట మాట్లాడేది దాని నోటితోనే. అయిదో తలుపు తెరుచుకున్నప్పుడు ఆర్గన్‌తో సహా ఆర్కెస్ట్రా అంతా సి మేజర్‌లో విరుచుకుపడుతుంది, ఆ వెలుగు ముందు యుదిత్ గొంతు ఎంత చిన్నదైపోతుందో వినిపించాలి. ఆమె మాటలను భావం చూపకుండా పాడాలని స్కోరులో ఉంది. లుడ్విగ్ అక్కడ నిజంగానే మొద్దుబారిపోయినట్టు పాడతారు. అప్పటి వరకు ఆ స్వరంలో ఉన్న ప్రేమ, పట్టుదల అన్నీ ఒక్కసారిగా ఇగిరిపోతాయి. లుడ్విగ్, బెరీ అప్పట్లో నిజజీవితంలోనూ భార్యాభర్తలు, వాళ్ల మాతృభాష హంగేరియన్ కాదు. అయినా అడిగే భార్య, ఆపే భర్త మధ్య ఉండే చనువు ఆ ఇద్దరి మధ్య ఉన్నంతగా మరెక్కడా లేదు. కెర్తేస్ 1973లో, నలభై మూడేళ్ల వయసులో, సముద్రంలో మునిగి చనిపోయారు. ఈ ఆపెరాను ఆయన మరో ఇరవై ఏళ్లు నడిపి ఉంటే ఎక్కడికి తీసుకుపోయేవారో అన్న ఆలోచన ఆ రికార్డు వేసినప్పుడల్లా వస్తుంది.

ఇంకొక చిన్న సూచన. ‘మ్యూజిక్ ఫర్ స్ట్రింగ్స్, పర్కషన్ అండ్ సెలెస్టా’ వినాలనుకుంటే మోనో రికార్డింగులతో మొదలుపెట్టకండి. తీగవాద్యాలను రెండు జట్లుగా ఎడమా కుడీ కూర్చోబెట్టి, మధ్యలో తాళవాద్యాలను, సెలెస్టాను (చిన్న గంటల్లా మోగే మీటల వాద్యం) ఉంచమని బార్టోక్ స్వయంగా రాశారు. రెండో భాగంలో ఆ రెండు జట్లు ఒకరి మాట ఒకరు అందుకోవడం స్టీరియోలో తప్ప వినపడదు. రైనర్ 1958లో చికాగోలో చేసిన స్టీరియో రికార్డింగు నాకు చాలా ఇష్టం. హెడ్‌ఫోన్‌లో కంటే రెండు స్పీకర్ల మధ్య కూర్చుని వింటే ఆ దూరం బాగా తెలుస్తుంది.

దనూబ్ తీరం (బుడాపెస్ట్)

రాత్రి రేడియో గారూ, అయిదో తలుపు దగ్గర లుడ్విగ్ గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం, అక్కడ నేను మీతో వాదించను. మాతృభాష కాని గాయకులు చేయలేరని నా ఉద్దేశం కూడా కాదు. సూజానా మాల్కి హెల్సింకీ ఆర్కెస్ట్రాతో చేసిన ఇటీవలి రికార్డింగులో బ్లూబియర్డ్ పాడిన మికా కారెస్ ఫిన్లండ్ గాయకుడు. ఫిన్నిష్ భాషలోనూ ఊనిక మొదటి అక్షరం మీదే ఉంటుంది, ద్విత్వాలూ దీర్ఘాలూ ఉన్నాయి. అందుకే కాబోలు ఆయన నోట ఆ పాదాలు పరాయివిగా అనిపించవు. ఈ తర్కం ప్రకారం తెలుగు గాయకులకూ ఈ పాత్ర నోటికి పట్టాలి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి సమకూర్చుకుని వినడానికి మూడు వారాలు పట్టింది.

ఆరో తలుపు ఒక్కటే తీసుకుని దొరాతి, కెర్తేస్, బూలెజ్ మూడింటినీ రాత్రిపూట వరుసగా విన్నాను. హార్ప్, సెలెస్టా, ఫ్లూట్ కలిసి నీటి అలలా లేచి పడే ఆ స్వరాలు బూలెజ్ దగ్గరే అన్నిటికంటే అందంగా ఉన్నాయి, ఆ అభిప్రాయం మారలేదు. కానీ ఈసారి అనువాదం పక్కన పెట్టి, దనూబ్ తీరం గారు రాసిన నాలుగు మాటలు మాత్రం కాగితం మీద రాసుకుని, వాటికి గురులఘువులు గుర్తించి విన్నాను. బెరీ మూడు ‘క్యొన్న్యెక్’లనూ అందమైన ఒక స్వరధారగా కలిపేశారు. పోల్గార్ మాతృభాష వల్ల కాబోలు ద్విత్వం దగ్గర చక్కగా ఆగుతారు, కానీ ఆ ఆగడంలో ఒక రాజు గంభీరత ఉంది. సేకెయ్ దగ్గర మొదటి మాట చెప్పినట్టుగా, రెండోది ఒప్పుకున్నట్టుగా, మూడోది వినపడకూడదని అన్నట్టుగా ఉంది. మా అమ్మ ఎవరి మరణవార్తనైనా చెప్పవలసి వచ్చినప్పుడు మూడోసారి పలికే మాట అలాగే ఉండేది.

మంద్రస్థాయి గారు చెప్పినట్టు ఫ్రిచాయ్ ‘కాన్సర్టో’ కూడా తెప్పించుకున్నాను. విలాపం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అయితే రెండో భాగంలో జంటలు వెళ్లిపోయాక ఇత్తడి వాద్యాలు నెమ్మదిగా వాయించే ఆ భజన వంటి ఘట్టం వెనక సైడ్ డ్రమ్ మెల్లగా మోగుతూనే ఉంటుంది కదా, అది రైనర్ దగ్గర వినిపించినంత దగ్గరగా ఫ్రిచాయ్‌లో నాకు వినిపించలేదు. లోపం మోనో ధ్వనిదో, నా పాత స్పీకర్లదో తెలియడం లేదు. మీ దగ్గర ఆ ఘట్టం ఎలా వినిపిస్తుందో దయచేసి ఒకసారి విని చెప్పగలరా?